వంటింట్లో రెండో పీట

మా ఓ.పి.కి నీరసమని, కళ్లు తిరుగుతున్నాయని వచ్చే తల్లులను బి.పి. చూసేలోపు నేను ఒక మాట అడుగుతాను. "ఈ రోజు ఏం వండారమ్మా?"

ఆ మాటకు చాలామంది ముఖం వెలుగుతుంది. చింతచిగురు రొయ్యలు, బెండకాయ పులుసు, పెద్దవాడికి వేపుడు, మామగారికి కారం తక్కువ వేసి విడిగా తీసిన పప్పు, అన్నీ వరసగా చెబుతారు. తరువాత రెండో మాట అడుగుతాను. "మరి మీరేం తిన్నారు?" అక్కడ మాట ఆగిపోతుంది. "ఏదో తిన్నానండి" అంటారు. కొంచెం గుచ్చి అడిగితే, "మిగిలింది తింటానండి, ఆయ్" అని నవ్వేస్తారు.

ఈమధ్య ఉప్పలగుప్తం మండలంలోని ఒక పల్లె నుంచి అలా ఒక తల్లి వచ్చింది. భర్త రొయ్యల చెరువుల దగ్గర పని చేస్తాడు. రక్తం 7.8 గ్రాములే ఉంది. "మా కోడలి చేతి వంటంటే మా ఇంట్లో అందరికీ ప్రాణమండి" అని వెంట వచ్చిన అత్తగారే చెప్పింది. ఆ మాట నిజమే అయి ఉంటుంది. కోడలి చేతిలో రక్తం పరీక్ష కాగితం ఉన్నదీ నిజమే. ఈ రెండూ ఒకే ఇంట్లో ఎలా కలిసి ఉంటున్నాయన్నదే నన్ను ఈ నాలుగు మాటలు రాయించింది.

ఇంటి వంటలో ప్రేమ ఉంటుందని మనం సులువుగా అనేస్తాం. ఆ ప్రేమ వండే మనిషి దగ్గర నుంచి బయటికే పోతోంది తప్ప, తిరిగి ఆమె దగ్గరకు రావడం లేదు. నా అభిప్రాయంలో ఒక వంటిల్లు ఆదరణగా ఉందా లేదా అన్నది గ్రానైటు బండను బట్టో, వరసగా పెట్టిన స్టీలు డబ్బాలను బట్టో తేలదు. అందులో వండే మనిషి హాయిగా ఊపిరి పీల్చుకోగలుగుతోందా, ఆమె పక్కన కూర్చోవడానికి ఎవరైనా వస్తున్నారా, ఆమె కూడా వేడి అన్నం తింటోందా, ఇవి చూడాలి.

అన్నం పెట్టడంలో మన కోనసీమకు ఉన్న పేరు చిన్నది కాదు. 1841లో మండపేటలో పుట్టి లంకల గన్నవరానికి కోడలిగా వచ్చిన డొక్కా సీతమ్మ గారు, 1909లో కన్నుమూసేవరకూ ఆకలితో గుమ్మం ఎక్కినవారికి అన్నం పెట్టారు. ఆమెది హోటలు కాదు, సొంత ఇంటి పొయ్యి. గోదావరి పాయలు దాటి వేళకాని వేళ వచ్చిన బాటసారికి కూడా అక్కడ భోజనం దొరికేదని మన పెద్దలు ఇప్పటికీ చెప్పుకుంటారు. గన్నవరం దగ్గర 2000లో కట్టిన కొత్త అక్విడెక్టుకు ఆమె పేరు పెట్టారు. 2024లో రాష్ట్రంలోని బడి పిల్లల మధ్యాహ్న భోజనానికీ ఆమె పేరే పెట్టారు. ఎంతో తగిన గౌరవం. అయినా ఆ కథ విన్నప్పుడల్లా నర్సుగా నాకు వేరే ఆలోచన వస్తుంది. అన్నేళ్లు ఆ పొగలో ఆవిడ ఎలా నిలబడ్డారు? పక్కన ఎవరు ఉండేవారు? ఆవిడ ఏ వేళకు తినేవారు? మనం కథ చెప్పుకునేటప్పుడు ఈ సంగతులు అడగం. మన ఇళ్లలోనూ అడగం.

మా అమ్మ వంటపాక నాకు బాగా గుర్తు. తాటాకు పైకప్పు, నేల మీద మట్టి పొయ్యి, గోడలన్నీ మసి. కిటికీ లేదు. కొబ్బరి డొక్కలు, మట్టలు, చిప్పలు పెట్టి వండేది. వానాకాలంలో డొక్కలు తడిస్తే మంట రాజుకోదు, పొగ మాత్రం గదంతా నిండిపోతుంది. అమ్మ వంగి గొట్టంతో ఊదుతూ, కొంగుతో కళ్లు తుడుచుకుంటూ ఉండేది. ఆ పొయ్యి మీద మట్టి దాకలో కాచిన చేపల పులుసు రుచి నా నాలుక మీద ఇంకా ఉంది. కానీ నిజం చెప్పాలంటే, మేము ఎవరమూ ఆ పాకలోకి వెళ్లేవాళ్లం కాదు. గుమ్మంలో నిలబడి "అయిందా అమ్మా?" అని అరిచేవాళ్లం. నలభై ఏళ్లు అమ్మ ఒక్కతే ఆ పొగలో కూర్చుంది. యాభై దాటేసరికి ఆయాసం, తరువాత కళ్లలో శుక్లాలు. ఆమె ఒక్కసారి కూడా బీడీ ముట్టలేదు.

పొగ తాగేవారికే ఊపిరితిత్తులు పాడవుతాయని మనం అనుకుంటాం. కట్టెలు, డొక్కలు, పిడకలు మూసిన గదిలో మండిస్తే వచ్చే పొగ కూడా అలాంటి హానే చేస్తుంది. పెద్దవాళ్లలో తగ్గని దగ్గు, ఆయాసం, గుండె జబ్బు, శుక్లాలు. ఐదేళ్లలోపు పిల్లల్లో న్యుమోనియా. ఇంటి లోపలి పొగ వల్ల 2020లో ప్రపంచవ్యాప్తంగా సుమారు 32 లక్షల మంది చనిపోయారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా వేసింది. చంటిబిడ్డను ఒడిలో పెట్టుకుని పొయ్యి ఊదే తల్లి, ఆ పొగను తనతోపాటు బిడ్డకూ పట్టిస్తోంది.

ఇప్పుడు గ్యాసు వచ్చింది కదా అంటారు. వచ్చింది. 1999లో మన రాష్ట్రంలో దీపం పథకం మొదలైంది, 2016లో ఉజ్వల వచ్చింది, 2024లో దీపం రెండో విడత కింద ఏడాదికి మూడు ఉచిత సిలిండర్లు ఇవ్వడం మొదలుపెట్టారు. కానీ నేను ఇళ్లకు వెళ్లినప్పుడు చూసేది వేరు. గ్యాసు పొయ్యి మీద గుడ్డ కప్పి ఉంటుంది. టీకి, చుట్టాలకు గ్యాసు. రోజూ అన్నానికి, కూరకు, స్నానం నీళ్లకు డొక్కలే. తోటలో ఊరికే దొరుకుతున్నాయి కదా అంటారు. డొక్క ఊరికే దొరుకుతుంది, దగ్గు మందు మాత్రం ఊరికే రాదు. స్నానం నీళ్లు బయట పెరట్లో కాచుకోండి, ఎవరూ వద్దనరు. వంట మాత్రం గ్యాసు మీద చేయండి. "పులస పులుసు గ్యాసు మీద రుచి రాదండి" అని ఒకాయన నాతో వాదించారు. ఆయనతో నేను ఒప్పుకున్నాను. పులస ఏడాదికి ఒకసారి, అదీ డబ్బున్నవారికి. ఆ రోజు పెరట్లో చెట్టు కింద కట్టెల పొయ్యి పెట్టండి, పులుసు ఆయననే కాయమనండి.

ఇక వంటిల్లు. ప్రభుత్వ ఇళ్లలో వంటకు మిగిలే చోటు చాలా తక్కువ. ఇద్దరు పట్టడం కష్టం. అంత చిన్న గదిని ఏం బాగు చేస్తాం అనుకోవద్దు. చిన్న గదికి గాలి, వెలుతురు రావడమే ముఖ్యం. కిటికీ ఒకటే ఉంటే గాలి తిరగదు. ఎదురు గోడలో కప్పు దగ్గర రెండు ఇటుకలు తీయించి జాలీ పెట్టించండి, వేడి గాలి అటు నుంచి పోతుంది. పెంకుటిల్లయితే పెంకుల మధ్య ఒక గాజు పెంకు పెట్టిస్తే పగలు దీపం అక్కర్లేదు. ఏడాదికి ఒకసారి గోడలకు సున్నం వేయండి. మసి గోడ ఎంత వెలుతురు వచ్చినా మింగేస్తుంది. పొయ్యిని నేల మీద నుంచి గట్టు మీదికి ఎక్కించండి. గ్యాసు సిలిండర్ ఎప్పుడూ నిలబెట్టే ఉండాలి, పొయ్యి దానికంటే ఎత్తులో ఉండాలి. వాసన వస్తే స్విచ్చి ముట్టుకోకుండా కిటికీ, తలుపు తీసి రెగ్యులేటర్ కట్టేయండి. మరొక సంగతి. గంజి వార్చిన గిన్నెను, పులుసు దాకను నేల మీద పెట్టే అలవాటు మానుకోండి. పాకే బిడ్డలు అందులో చేతులు పెట్టి కాలితే ఆ బాధ చూడలేం. వంట చేసేటప్పుడు నైలాను చీర వద్దు, నూలు చీర కట్టుకుని కొంగు బిగించండి.

ఇవన్నీ చేసినా ఆ గది ఆదరణగా మారాలంటే ఇంకొకటి కావాలి. అది నాకు చెప్పింది డాక్టరు కాదు, మన సంఘాల వంటి సంఘంలోని ఒక చెల్లి.

కోనసీమ నుంచి కువైట్, మస్కట్, దుబాయ్ వెళ్లి అక్కడి ఇళ్లలో వంట చేసే ఆడవాళ్లు ఎంతమందో మన కుటుంబాలకు వేరే చెప్పాలా? ఈ చెల్లి కూడా తొమ్మిదేళ్లు అలా ఉండి వచ్చింది. "ఆ వంటిల్లు మా ఇల్లంత ఉండేదండి. చల్లటి గాలి, తళతళలాడే గట్లు, లేని సామాను లేదు. కానీ నేను వండినన్నాళ్లూ ఎవరూ లోపలికి వచ్చి కూర్చోలేదండి" అంది. ఇంటి దగ్గర ఆమె కూతురు అమ్మమ్మ చేతి అన్నం తిని పెరిగింది. తల్లి పంపిన డబ్బుతో చదువుకుంది, బట్టలు కట్టుకుంది. తల్లి తిరిగి వచ్చి మొదటి రోజు ఎంతో ఆశగా చేపల పులుసు కాస్తే, "అమ్మమ్మ పులుసులా లేదు" అని కంచం పక్కకు జరిపింది. ఆ చెల్లి ఆ రాత్రి చాలాసేపు ఏడ్చిందట.

మర్నాడు వడ్రంగి దగ్గరకు వెళ్లి ఒక పీట చేయించింది. తన పీట కాక రెండోది. దాన్ని వంటింటి గుమ్మం దగ్గర, పొయ్యికి రెండు బారల దూరంలో వేసింది. కూతుర్ని పిలిచి, "అమ్మమ్మ ఎలా చేసేదో నాకు చెప్పు, నేను మర్చిపోయాను" అంది. ఆ పిల్ల మొదట మూతి ముడుచుకునే కూర్చుంది. చింతపండు ఇంత, మెంతులు ముందు వేయించి పొడి చేయాలి, దించే ముందు ఒక బెల్లం ముక్క, అని చెబుతూ పోయింది. తరువాత బడి కబుర్లు వచ్చాయి. పుస్తకం కూడా అక్కడికే తెచ్చుకోవడం మొదలుపెట్టింది. "ఇప్పుడు ఎవరు వచ్చినా ముందు గదిలో కూర్చోరండి, అక్కడికే వస్తారు" అని ఆ చెల్లి నాతో చెప్పింది. ఆ గది ఆరడుగుల వెడల్పు కూడా ఉండదు.

నేను ఆ మాట విన్న రోజు నుంచి మా ఇంట్లో కూడా రెండో పీట వేశాను. దాని మీద మా ఆయన కూర్చుని రొయ్యలు ఒలుస్తారు. సగం నరం తీయకుండా వదిలేస్తారు, నేను మళ్లీ చూసుకోవాలి. అయినా అక్కడ కూర్చున్న మనిషికి ఒక సంగతి తెలుస్తుంది: వంటకు ఎంతసేపు పడుతుందో, ఎంత వేడో, ఎన్నిసార్లు లేవాలో. అది తెలిసిన మనిషి కంచం ముందు కూర్చుని "ఉప్పు తక్కువైంది" అని వెంటనే అనలేడు. అన్నట్టు, ఉప్పు తక్కువగా ఉండడమే మంచిది. పెద్దవారికి రోజుకు 5 గ్రాములు, అంటే ఒక చిన్న చెంచాకు మించవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఉప్పుచేప, ఆవకాయ, అప్పడం ఒకే పూట కంచంలోకి వస్తే ఆ లెక్క అక్కడే దాటిపోతుంది. బి.పి. ఉన్నవారి ఇళ్లలో ఇది మరీ జాగ్రత్తగా చూడాలి.

ఇక ఆమె కంచం సంగతి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన రాష్ట్రంలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 100కి సుమారు 59 మందికి రక్తహీనత ఉన్నట్టు తేలింది. చివర తినడం ఒక్కటే దీనికి కారణమని నేను అనను. నులిపురుగులు, ఎక్కువ నెలసరి, వెంట వెంట కాన్పులు, ఇవన్నీ ఉన్నాయి. కానీ చివర తినే మనిషికి కూర అడుగు, పులుసులో ముక్క లేని నీళ్లు మిగులుతాయన్నది మనకు తెలియనిదా? చేప, గుడ్డు, మాంసం, కాలేయం, పప్పు ముందు ఆమె కంచంలో పడాలి. పెరట్లో మునగాకు, తోటకూర, గోంగూర ఉంటే వారానికి మూడు నాలుగు రోజులైనా వండుకోండి, పైన నిమ్మకాయ పిండండి. ఇనుము బాగా ఒంటికి పడుతుంది. ఇనప మూకుట్లో పుల్లకూర వండినా కొంత ఇనుము దిగుతుంది. అన్నం తిన్న వెంటనే టీ తాగితే ఆ ఇనుము ఒంటికి పట్టదు, గంట ఆగండి. డాక్టరు రాసిన మాత్రలు మాత్రం మానవద్దు.

ఈ మాటలు మగవారు చదవాలని రాశాను. సాధారణంగా ఇలాంటి పేజీ వారు తిప్పేస్తారు.

మొదట చెప్పిన ఆ కోడలు మూడు నెలల తరువాత మళ్లీ వచ్చింది. నులిపురుగుల మందు వేసుకుంది, ఐరన్ మాత్రలు సరిగ్గా వాడింది. రక్తం 10.1 గ్రాములకు వచ్చింది. నేను అలవాటు ప్రకారం "ఏం వండారమ్మా?" అని అడిగేలోపే అత్తగారు అందుకుంది: "ఇప్పుడు అందరం ఒక్కసారే కూర్చుంటున్నామండి. దానికి నేనే వడ్డిస్తున్నాను."

కోడలు నా వైపు వంగి మెల్లగా చెప్పింది. "చేప నడిముక్క మాత్రం ఇంకా ఆయన కంచంలోకే వెళుతోందండి."

"ఈసారి తోకముక్క ఆయనకు వేయమ్మా" అన్నాను. అత్తగారు గట్టిగా నవ్వింది.