చదువుతున్నారు సరే... చదవగలుగుతున్నారా?

మూడో తరగతి పిల్లల చేతికి రెండో తరగతి స్థాయి కథ ఒకటి ఇచ్చి చదవమంటే, మన దేశంలోని పల్లెల్లో గడగడా చదివినవాళ్లు నూటికి 27 మంది. 2024లో ఇంటింటికీ తిరిగి చేసిన అసర్ సర్వే చెప్పిన లెక్క ఇది. కరోనా రోజుల్లో బడులు మూతపడ్డాక, 2022లో ఇది 20.5కి పడిపోయింది. మళ్లీ పెరిగింది కదా అని అందరూ సంతోషించారు. కానీ 2018లో కూడా అది 27.3 శాతమే! అంటే పోయింది తిరిగొచ్చింది, అంతే. మిగతా 73 మంది సంగతి?

"మావాడు కాన్వెంటులో చదువుతున్నాడు, మాకెందుకండీ ఈ గొడవ" అనుకోకండి. ఇంగ్లీషు పద్యాలు ఒప్పజెప్పే పిల్లాణ్ని పిలిచి, ఇదే పేపర్లో ఓ హెడ్డింగు చదవమనండి. కూడబలుక్కుంటాడు. పోనీ, కొత్త ఇంగ్లీషు కథ ఇచ్చి చూడండి. అదీ అంతే!

ప్రభుత్వాలు ఊరుకున్నాయని కాదు. కేంద్రం 2021లో 'నిపుణ్ భారత్' పెట్టింది. ఆంధ్రప్రదేశ్‌లో 2020 నవంబరులో 'చదవడం మాకిష్టం', తెలంగాణలో 2022లో 'తొలిమెట్టు' మొదలయ్యాయి. పేర్లు బావున్నాయి. అయితే పిల్లకి చదవడం ఇష్టం కావాలంటే పాఠ్యపుస్తకం కాని పుస్తకం ఒకటి చేతిలో ఉండాలి కదా! చాలా బళ్లలో కథల పుస్తకాలు బీరువాలో భద్రంగా ఉంటాయి. చిరిగితే లెక్క చెప్పాలని టీచర్ల భయం. ఇళ్లలోనేమో, 1947 నుంచి నెలనెలా వచ్చిన చందమామ 2013 నాటికి ఆగిపోయింది. ఆ ఖాళీలోకి సెల్‌ఫోను వచ్చి కూర్చుంది.

వాచకాల వరుస కూడా ఓసారి చూడండి. అల, వల, తల, గద... ఇలా మొదలవుతాయి. ఆ తర్వాత గుణింతాలు, ఎప్పటికో ఒత్తులు. కానీ పిల్ల నోట్లో రోజూ ఆడే మాటలేమిటి? అమ్మ, నాన్న, అక్క, అన్న, అత్త, పప్పు, బువ్వ. అన్నీ ఒత్తులే! తెలిసిన మాట అయితే ఆకారం పెద్ద కష్టం కాదు. పాత పెళ్లిపత్రికల అట్టల మీద ఈ మాటలు పెద్దగా రాసి, ఎదురుగా వాళ్ల ఫొటోలు పరిచి జతలు కలపమనండి. పప్పు డబ్బాకి 'పప్పు' అంటించండి. త, న, మ ఒత్తులకి అసలు అక్షరంతో పోలిక తక్కువ కాబట్టి, అవి పిల్లలు తికమకపడే చోట్లు. వాటిని 'అత్త', 'అన్న', 'అమ్మ' పేర్లతో గుర్తుపెట్టుకోవడం తేలిక.

కథ చదివి వినిపించేటప్పుడు మాటల కింద వేలు జరుపుతూ చదవండి. మంచి పట్టులో ఆపి, "ఇప్పుడేమవుతుందంటావ్?" అనండి. చెప్పింది తప్పయినా ఫర్వాలేదు, మిగతాది తెలుసుకోవాలనే ఆత్రం పుడుతుంది. చదివిన కథే మళ్లీ అడిగితే విసుక్కోవద్దు. నాలుగోసారికి సగం తనే చదివేస్తుంది. కథ అయ్యాక మాత్రం ప్రశ్నలు వేసి పరీక్ష పెట్టకండి, దయచేసి!

చదువురాని తల్లులకీ ఇందులో పని ఉంది. బొమ్మలు చూపించి కథ అల్లొచ్చు. పిల్ల చదువుతుంటే వింటూ, అర్థంకాని చోట "అదేంటి, మళ్లీ చెప్పు" అనొచ్చు.

పుస్తకాలకి వేలు పోయక్కర్లేదు. హైదరాబాదు మంచి పుస్తకం, నేషనల్ బుక్ ట్రస్టు చవకలోనే వేస్తున్నాయి. ప్రథమ్ బుక్స్ వాళ్ల స్టోరీవీవర్‌లో తెలుగు కథలు ఉచితం. ఫోను ఎలాగూ చేతిలో ఉంది కదా.

ఇంకొకటి. పిల్లకి చదవడం రాకపోతే "ఇంట్లో ఉండి నువ్వేం చేస్తున్నావ్?" అనేది తల్లినే. వంటింట్లో కూరా, చారూ చూసుకుంటూ కథ చదివి వినిపించడానికి ఆవిడకి మూడో చెయ్యి లేదు. టీవీలో వార్తలు చూసే ఆ అరగంటలో పావుగంట నాన్నగారు తీసుకోవచ్చు. ఈ పేజీ ఆయనకి కనబడేలా టీవీ పక్కన పెట్టండి.