జనరల్‌కి రాజ్‌భవన్, జవానుకి ఏటీఎం గేటు
(యూనిఫాం – రాజ్యం – మనం: 3వ భాగం)



రెండో భాగం పెట్టాక ఒక తమ్ముడు ఇన్‌బాక్స్‌లోకి వచ్చాడు. పీజీ చదువుతున్నాడు. వాళ్ళన్న ఆర్మీలో జవాను. "అన్నా, మీరు సైన్యాన్ని తిడుతున్నారు. మా వాడలో ఈ మాత్రం పక్కా ఇళ్ళు కనిపిస్తున్నాయంటే అది ఆర్మీ జీతం వల్లే. మా అన్న యూనిఫాంలో ఊళ్ళోకొస్తే పెద్దోళ్ళు కూడా పేరు పెట్టి పిలుస్తారు. మీకు ఏం తెలుసు?" అన్నాడు.

తెలుసు తమ్ముడూ. మా పెదనాన్న హవల్దారు. 65లో ఉన్నాడు, 71లో ఉన్నాడు. నల్ల ట్రంకు పెట్టె మీద తెల్ల పెయింటుతో పేరు, నంబరు రాయించుకుని ఊరికొచ్చాడు. ఆ పెట్టె మీద కులం లేదు. బస్సు దిగి టీ కొట్టుకి పోతే మాత్రం ఆయన గ్లాసు చూరు కింద విడిగా ఉంది. తాగి, కడిగి, మళ్ళీ అక్కడే బోర్లించాడు. మాజీ సైనికుడి కోటా కింద పొలం ఇస్తారంటే పదకొండేళ్ళు ఆఫీసు చుట్టూ తిరిగాడు. చివరికి కాయితం వచ్చింది, పొలం రాలేదు. పట్నంలో ఒక గోడౌను దగ్గర రాత్రి కాపలా కాస్తూ పోయాడు.

కాబట్టి నేను తిట్టేది మీ అన్నని కాదు, మా పెదనాన్నని కాదు. నా ప్రశ్న వేరే. సైన్యం నుంచి దిగొచ్చాక హవల్దారుకి ఏటీఎం గేటు దొరుకుతోంది. జనరల్‌కి రాజ్‌భవన్ ఎందుకు దొరుకుతోంది? ఎవరు ఇస్తున్నారు? ఎందుకు ఇస్తున్నారు? దాని ఖర్చు ఎవరి నెత్తిన పడుతోంది?

ముందు బాబాసాహెబ్ దగ్గర మొదలుపెడదాం. ఎందుకంటే ఈ చర్చ ఎక్కడ పెట్టినా "అంబేడ్కర్ తండ్రి సుబేదారు కదా" అని ఒకరు లేస్తారు. అవును, రాంజీ సక్‌పాల్ సుబేదారే. బాబాసాహెబ్ 1891లో పుట్టింది మహూ కంటోన్మెంట్‌లోనే. ఆ తర్వాత కొద్ది ఏళ్ళకే "యుద్ధ జాతులు" అనే బ్రిటిష్ సిద్ధాంతం మహర్లకి సైన్యం తలుపులు మూసేసింది. కోరేగావ్‌లో పోరాడిన కులం యుద్ధానికి పనికిరాదన్నారు. ఆ తలుపు మళ్ళీ తెరిపించడానికి అంబేడ్కర్ పోరాడాడు. 1941లో మహర్ రెజిమెంట్ వచ్చింది. అంటే ఆయన మనల్ని సైన్యంలోకి పంపాలనుకున్నాడు. సైన్యాన్ని సచివాలయంలోకి పంపాలనుకోలేదు. ఆయన అధ్యక్షతన రాసిన రాజ్యాంగంలో 53వ అధికరణం సైన్యం అత్యున్నత ఆధిపత్యాన్ని రాష్ట్రపతికి ఇస్తూనే, దాన్ని చట్టప్రకారం నడపాలంది. 33వ అధికరణం సైనికుల ప్రాథమిక హక్కులకు కూడా హద్దు పెట్టే అధికారం పార్లమెంటుకి ఇచ్చింది. తుపాకీ పట్టుకున్నవాడు ఓటు పట్టుకున్నవాడి మాట వినాలి, లెక్క అంతే.

ఆ లెక్క తొలి రోజుల్లో కొంత నడిచింది. బ్రిటిష్ కమాండర్-ఇన్-చీఫ్ బంగళాలోకి నెహ్రూ ప్రధానిగా కాపురం మార్చాడు, అదే తీన్‌మూర్తి భవన్. 1955లో కమాండర్-ఇన్-చీఫ్ పదవే ఎత్తేశారు. పక్కన పాకిస్తాన్‌లో 1958లో అయూబ్ ఖాన్ కుర్చీ ఎక్కాడు. మన దగ్గర ఆ పని జరగలేదని ఇప్పటికీ గర్వంగా చెప్పుకుంటాం. చెప్పుకోవాల్సిందే. కానీ ముందు తలుపు కాపలా కాస్తూ పెరటి తలుపు తీసిపెట్టాం.

ఆ పెరటి తలుపు పేరు గవర్నర్ పదవి.

ఇక్కడ ఒక తెలుగు పేరు చెప్పక తప్పదు. జనరల్ కె.వి. కృష్ణారావు. 1981 నుంచి 83 దాకా ఆర్మీ చీఫ్. 1984 నుంచి 89 దాకా నాగాలాండ్, మణిపూర్, త్రిపురలకి గవర్నర్. తర్వాత జమ్మూ కాశ్మీర్‌కి రెండుసార్లు. మన పత్రికలు "తెలుగు తేజం" అని రాసుకున్నాయి. ఆయన మణిపూర్ గవర్నర్‌గా ఉన్న కాలంలోనే, 1987 జూలైలో, ఓయినామ్ దగ్గర అస్సాం రైఫిల్స్ పోస్టు మీద తిరుగుబాటుదారులు దాడి చేసి తొమ్మిది మంది జవాన్లని చంపారు. ఆ తర్వాత చుట్టుపక్కల నాగా ఊళ్ళ మీద "ఆపరేషన్ బ్లూబర్డ్" నడిచింది. చిత్రహింసలు, చావులు, కూల్చిన ఇళ్ళు, అన్నీ మానవ హక్కుల సంఘాల రికార్డుల్లో ఉన్నాయి. ఆ రాష్ట్ర ముఖ్యమంత్రి రిషాంగ్ కీషింగ్, కాంగ్రెస్ మనిషి, స్వయంగా కేంద్ర హోంమంత్రికి మొరపెట్టుకున్నాడు: సేనాపతి జిల్లాలో పౌర చట్టం నడవడం ఆగిపోయిందని, తన అధికారులకే దిక్కు లేదని. ప్రజలు ఎన్నుకున్న ముఖ్యమంత్రి ఢిల్లీకి ఉత్తరం రాసి ఏడవాల్సి వచ్చిన రోజున, అదే రాష్ట్ర రాజ్యాంగాధిపతి ఒక మాజీ ఆర్మీ చీఫ్. కృష్ణారావు వ్యక్తిగతంగా మంచివాడా చెడ్డవాడా అన్నది నా ప్రశ్న కాదు. సైన్యం మీద ఫిర్యాదు చేయాల్సిన రాష్ట్రంలో గవర్నర్ కుర్చీని సైన్యం మనిషికి ఇవ్వడం ఏం న్యాయం? ఊళ్ళో దొరల మీద కేసు పెట్టి, పంచాయితీ చెప్పడానికి దొర అన్నని పిలిచినట్టు కాదా?

గవర్నర్ అంటే రబ్బరు స్టాంపే కదా అంటారు. హైదరాబాద్‌లో కూర్చుంటే అలాగే అనిపిస్తుంది. ఈశాన్యంలో అలా కాదు. సాయుధ బలగాల ప్రత్యేక అధికారాల చట్టం, 1958, మూడో సెక్షన్ చదవండి. ఒక ప్రాంతాన్ని "కల్లోలిత ప్రాంతం" అని ప్రకటించే అధికారం గవర్నర్‌కి ఉంది. 1972 తర్వాత కేంద్రానికీ ఇచ్చారు. ఆ ప్రకటన పడితే అనుమానం మీద కాల్చే అధికారం సైన్యానికి వస్తుంది. కాల్చినవాడి మీద కేసు నడపాలంటే కేంద్రం అనుమతి కావాలి. 2021 డిసెంబర్‌లో నాగాలాండ్‌లోని ఓటింగ్ దగ్గర బొగ్గు గని కూలీలు పని ముగించుకుని ఇంటికి పోతుంటే సైన్యం కాల్చింది. ఆ కాల్పుల్లో, తర్వాతి ఘర్షణల్లో మొత్తం 14 మంది పౌరులు పోయారు. రాష్ట్ర పోలీసులు 30 మంది సైనికుల మీద ఛార్జిషీటు వేశారు. కేంద్రం అనుమతి ఇవ్వలేదు. కేసు అక్కడే ఆగింది.

అరుణాచల్ ఇంకో మెట్టు పైన. అక్కడ 371-హెచ్ అధికరణం కింద శాంతిభద్రతల మీద గవర్నర్‌కి ప్రత్యేక బాధ్యత ఉంది. మంత్రివర్గాన్ని అడిగి, చివరికి తన సొంత నిర్ణయం తీసుకోవచ్చు. ఆ కుర్చీలో వరస చూడండి: 2008 నుంచి 13 దాకా మాజీ ఆర్మీ చీఫ్ జనరల్ జె.జె. సింగ్. ఆయన వెనక లెఫ్టినెంట్ జనరల్ నిర్భయ్ శర్మ. 2017 నుంచి బ్రిగేడియర్ బి.డి. మిశ్రా. 2023 నుంచి లెఫ్టినెంట్ జనరల్ కె.టి. పర్నాయక్. జె.జె. సింగ్‌ని వేసింది కాంగ్రెస్. మిగతావాళ్ళలో మిశ్రాని, పర్నాయక్‌ని వేసింది బీజేపీ. చెట్టు నాటిందొకరు, నీళ్ళు పోసేదొకరు, నీడ మాత్రం ఒకటే.

గవర్నర్ కుర్చీ ఆదివాసీకి ఏమవుతుందో తెలుగువాళ్ళకి ఒకరు చెప్పక్కర్లేదు. మన 1/70 చట్టం ఐదో షెడ్యూలు కింద గవర్నర్ సంతకంతో వచ్చిన రెగ్యులేషనే. ఆ ఒక్క సంతకం ఏజెన్సీలో భూమిని ఎంతో కొంత కాపాడింది. అలాంటి సంతకం ఎటు పడుతుందో అండమాన్‌లో చూడండి. అక్కడ అసెంబ్లీ కూడా లేదు, లెఫ్టినెంట్ గవర్నరే పాలన. 2017 అక్టోబర్ నుంచి ఆ పదవిలో ఉన్నది మాజీ నౌకాదళాధిపతి అడ్మిరల్ డి.కె. జోషి. జలాంతర్గామి ప్రమాదానికి నైతిక బాధ్యత వహించి 2014లో రాజీనామా చేసిన మనిషి. ఆ నిజాయితీకి నేనూ చేయెత్తి మొక్కుతా. కానీ ఆ పాలన కిందే గ్రేట్ నికోబార్‌లో 72,000 కోట్ల ప్రాజెక్టు కోసం సుమారు 130 చదరపు కిలోమీటర్ల అడవి ఇచ్చేస్తున్నారు. పక్కనే షోంపెన్ ఆదివాసులు, 2011 లెక్కల్లో 229 మంది. గిరిజన మండలి ఇచ్చిన అంగీకారాన్ని 2022 నవంబర్‌లో వెనక్కి తీసుకుంది. పని ఆగలేదు. ఒక దీవి నౌకాదళం కంటికి కీలక స్థావరం. షోంపెన్ కంటికి అది ఇల్లు. ఆ కుర్చీలో ఎవరి కళ్ళు ఉండాలి?

ఇప్పుడు మంత్రి పదవుల దగ్గరికొద్దాం. జనరల్ వి.కె. సింగ్ 2012 మే నెలలో ఆర్మీ చీఫ్‌గా రిటైరయ్యాడు. 2014 మార్చిలో బీజేపీలో చేరాడు. మే నెలకల్లా కేంద్ర మంత్రి. 2015 అక్టోబర్‌లో హర్యానాలోని సున్‌పెడ్‌లో ఒక దళిత ఇంట్లో ఇద్దరు పసిపిల్లలు మంటల్లో కాలి చనిపోయారు. అగ్రకులస్తులు నిప్పు పెట్టారని తండ్రి అన్నాడు. కేసు సీబీఐకి వెళ్ళింది, తర్వాత అది తిరిగిన మలుపులు వేరే కథ. ఆ పిల్లల బూడిద ఆరకముందే ఈ మంత్రి ఏమన్నాడు? ఎవరో కుక్క మీద రాయి వేస్తే దానికీ ప్రభుత్వమే బాధ్యతా అన్నాడు. పోల్చలేదని, బాధ కలిగితే క్షమించమని తర్వాత అన్నాడు. మంత్రి పదవి పోలేదు. 2025లో మిజోరాం గవర్నర్ పదవి కూడా వచ్చింది.

ఆ నోరు జారడం ప్రమాదవశాత్తూ జరిగిందని నేననుకోను. ఆజ్ఞకి అలవాటుపడ్డ మనిషికి ప్రశ్న అడిగే పౌరుడు చికాకుగానే కనిపిస్తాడు. బ్యారక్‌లో కింద ఉన్నవాడు పైవాడికి జవాబు చెప్పాలి. ప్రజాస్వామ్యంలో పైవాడు కిందవాడికి జవాబు చెప్పాలి. రెండూ తలకిందుల లెక్కలు. పైగా కులమనే నిచ్చెన నేర్పేది కూడా మొదటి లెక్కే.

విద్యార్థి మిత్రులారా, ఇది మీకు దూరం వ్యవహారం కాదు. 2017 జూలైలో జేఎన్‌యూ క్యాంపస్‌లో ఒక యుద్ధ ట్యాంకు పెట్టించమని వైస్ ఛాన్సలర్, మన తెలుగాయనే, మంత్రుల్ని అడిగాడు. ఆ మంత్రుల్లో ఒకరు ఈ జనరలే. 2019 డిసెంబర్ చూడండి. పౌరసత్వ సవరణ చట్టం మీద క్యాంపస్‌లు లేచాయి. 24న త్రివిధ దళాధిపతి అనే కొత్త పదవిని క్యాబినెట్ సృష్టించింది. 26న ఆర్మీ చీఫ్ బిపిన్ రావత్ బహిరంగ వేదికెక్కి, యూనివర్సిటీల్లో జనాన్ని విధ్వంసం వైపు నడిపేవాళ్ళు నాయకులు కారన్నాడు. 30న ఆ కొత్త పదవి ఆయనకే వచ్చింది. ఆయన 2021లో హెలికాప్టర్ ప్రమాదంలో పోయారు. పోయిన మనిషి మీద నాకు కోపం లేదు. ఆ ఆరు రోజుల క్రమం మీద ఉంది. రేపు దొరకబోయే కుర్చీ ఇవాళ్టి నోటిని నడిపిస్తుంది. ఆ పదవితో పాటే రక్షణశాఖలో సైనిక వ్యవహారాల విభాగం పుట్టింది. యూనిఫాంలో ఉన్న అధికారి భారత ప్రభుత్వ కార్యదర్శి అవడం అదే మొదలు.

"రిటైరైన జడ్జీలు, ఐఏఎస్‌లు గవర్నర్లు కావడం లేదా?" అంటారు. అవుతున్నారు, అదీ తప్పే. జస్టిస్ అబ్దుల్ నజీర్ 2023 జనవరిలో సుప్రీంకోర్టు నుంచి దిగి, ఫిబ్రవరికల్లా ఏపీ గవర్నర్‌గా నియమితులయ్యారు. ఒక తప్పుని చూపించి ఇంకో తప్పుని కడగలేం.

"సైన్యంవాళ్ళు క్రమశిక్షణగా పనిచేస్తారు" అంటారు. బ్రెజిల్ ఆ మాట నమ్మింది. కోవిడ్ కాలంలో సర్వీసులో ఉన్న జనరల్ పజుయెల్లోని ఆరోగ్యమంత్రిని చేసింది. సరఫరాల్లో నిపుణుడన్నారు. 2021 జనవరిలో మనౌస్ ఆస్పత్రుల్లో ఆక్సిజన్ అయిపోయి రోగులు ఊపిరాడక చచ్చిపోయారు. ఆ బోల్సొనారో మంత్రివర్గంలో కూర్చున్న ఇంకో జనరల్‌ని, అధ్యక్షుడితో పాటు, 2025లో అక్కడి సుప్రీంకోర్టు కుట్ర కేసులో దోషి అంది.

చివరగా మన లెక్క. సైన్యంలో ఎస్సీ, ఎస్టీ రిజర్వేషన్ లేదు. రాష్ట్రపతి అంగరక్షక దళంలోకి జాట్, రాజ్‌పుత్, సిక్కు వర్గాల నుంచే జవాన్లని తీసుకుంటారు. అంటే రాష్ట్రపతి భవన్‌లో మనవాడు కుర్చీలో కూర్చోవచ్చు, ఆ కుర్చీ వెనక గుర్రమెక్కి నిలబడలేడు. అలాంటి చోట పైకొచ్చిన కొద్దిమంది నుంచి గవర్నర్లని, మంత్రుల్ని, కార్యదర్శుల్ని ఏరుకుంటే అందులో వాడవాళ్ళు ఎంతమంది ఉంటారు? కింద మాత్రం 2022 నుంచి అగ్నిపథ్. నాలుగేళ్ళు పనిచేయి, నూటికి పాతిక మంది ఉండండి, మిగతా డెబ్బై ఐదు మంది పెన్షన్ లేకుండా ఇంటికి పొండి. దాని మీద సికింద్రాబాద్ స్టేషన్‌లో లేచిన పిల్లల మీద పోలీసులు కాల్చారు, ఒక వరంగల్ బిడ్డ చచ్చిపోయాడు. జవానుకి నాలుగేళ్ళ కాంట్రాక్టు, జనరల్‌కి రెండో జన్మ.

మనం అడగాల్సినవి నాలుగే. రిటైరైన ఏడాదిలోపు ప్రైవేటు కంపెనీలో చేరాలంటే అధికారి అనుమతి అడగాలి, పార్టీలో చేరడానికీ పదవి తీసుకోవడానికీ ఏ గడువూ లేదు. కనీసం ఐదేళ్ళ గడువు పెట్టాలి. ప్రత్యేక అధికారాల చట్టం నడిచే రాష్ట్రాల్లో, ఆదివాసీ ప్రాంతాల్లో మాజీ సైనికాధికారుల్ని గవర్నర్లుగా వేయకూడదు. ఆ చట్టాన్నే రద్దు చేయమని 2005లో మన తెలుగు న్యాయమూర్తి జీవన్ రెడ్డి కమిటీ చెప్పింది, ఆ నివేదికని అమలు చేయాలి. సైనికాధికారుల్లో ఏ కులం వాళ్ళు ఎంతమందో లెక్క బయటపెట్టాలి.

తమ్ముడూ, మీ అన్న సెలవు మీద వచ్చినప్పుడు ఈ పోస్టు చదివి వినిపించు. కోపం వస్తే నాకు ఫోన్ చేయమను. కానీ ఒక్కటి అడుగు: నీ జనరల్ గవర్నర్ అయ్యాడు కదా, ఊళ్ళో నీ గ్లాసు మారిందా?

మళ్ళీ వారం నాలుగో భాగం: అగ్నివీర్లు, వాడ పిల్లలు.

జైభీమ్.