వంటింటిని లెక్కలోంచి తీసేస్తారా?

ఆహార పదార్థాల ధరలను చూసి వడ్డీరేట్లను నిర్ణయించడం లోపభూయిష్టమైన సిద్ధాంతమని, రిజర్వు బ్యాంకు వడ్డీరేట్లను తగ్గించి తీరాలని కేంద్ర వాణిజ్య మంత్రి పీయూష్ గోయల్ 2024 నవంబరు 14న ముంబయిలో జరిగిన ఒక సదస్సులో ప్రకటించారు. అది తన వ్యక్తిగత అభిప్రాయమని ఆయన అన్నప్పటికీ, ఆ ఏడాది జులైలో పార్లమెంటు ముందుకు వచ్చిన ఆర్థిక సర్వే సైతం రిజర్వు బ్యాంకు పాటించాల్సిన ద్రవ్యోల్బణ లక్ష్యం నుంచి ఆహారాన్ని మినహాయించే అంశాన్ని పరిశీలించాలని సూచించినందువల్ల, దీన్ని ఒక మంత్రి నోరుజారిన మాటగా తీసిపారేయడానికి వీల్లేదు. అక్టోబరు నెల చిల్లర ద్రవ్యోల్బణం 6.21 శాతానికి, అందులో ఆహార ద్రవ్యోల్బణం 10.87 శాతానికి, ఒక్క కూరగాయల ధరల పెరుగుదల 42 శాతానికి చేరిందని ప్రభుత్వ గణాంకాలు వెల్లడించిన రెండు రోజులకే ఈ ప్రకటన వెలువడింది. ధరలను దించడం చేతకానప్పుడు ధరలను కొలిచే పద్ధతినే మార్చాలన్న ఈ ఆలోచనను మొగ్గలోనే తుంచివేయాలి.

వడ్డీరేటు పెంచినంత మాత్రాన టమాటా దిగుబడి పెరగదన్నది, అధిక వడ్డీ చిన్న పరిశ్రమలను కుంగదీస్తుందన్నది వాస్తవాలే. వాటితో ఎవరికీ పేచీ లేదు. పేచీ అంతా ఆ వాస్తవాల చాటున చెలామణీ అవుతున్న మరో మాటతోనే. ఆహార ధరల పెరుగుదల తాత్కాలికమని, వానలూ రుతువులూ తెచ్చిపెట్టే ఆ ఒడుదొడుకులు విధానకర్తల అదుపులో ఉండవని, కాబట్టి వాటిని పక్కనపెట్టి మిగిలిన ధరలనే అసలైన ద్రవ్యోల్బణంగా చూడాలని చెబుతున్న మాట అది. ఈ వాదనలోని ప్రతి భాగమూ అసత్యమే.

ముందుగా తాత్కాలికమన్న మాటను చూడాలి. ప్రభుత్వ లెక్కల ప్రకారమే 2023 నవంబరు నుంచి 2024 జూన్ వరకు వరుసగా ఎనిమిది నెలలపాటు ఆహార ద్రవ్యోల్బణం 8 శాతానికి పైనే కొనసాగింది. జులై, ఆగస్టు నెలల్లో 6 శాతం లోపునకు దిగివచ్చి, సెప్టెంబరులో మళ్లీ 9 శాతం దాటింది. మధ్యలో కనిపించిన ఆ ఉపశమనం సైతం చాలావరకు అంకెల్లోనిదే. గత ఏడాది ఇదే నెలతో పోల్చి ద్రవ్యోల్బణాన్ని లెక్కిస్తారు కాబట్టి, నిరుడు ధరలు విపరీతంగా పెరిగి ఉంటే ఈ ఏటి పెరుగుదల చిన్నదిగా కనిపిస్తుంది. దీన్నే ఆర్థికవేత్తలు ఆధార ప్రభావం అంటారు. 2023 జులైలో ఆహార ధరలు 11.51 శాతం పెరిగాయి. 2024 జులైలో ఆ పెరిగిన ధరల మీదనే మరో 5.42 శాతం పెరిగాయి. అంటే 2022 జులైలో 100 రూపాయలకు వచ్చిన సరుకులకు రెండేళ్ల తర్వాత సుమారు 117 రూపాయల 50 పైసలు చెల్లించాల్సి వచ్చింది. మొత్తం చిల్లర ద్రవ్యోల్బణం సుమారు 3.5 శాతానికి తగ్గిందని, అయిదేళ్లలో ఇదే కనిష్ఠమని చెప్పుకొన్న నెల కూడా అదే. ద్రవ్యోల్బణం తగ్గడమంటే ధరలు పెరిగే వేగం తగ్గడమే తప్ప ధరలు తగ్గడం కాదన్న ప్రాథమిక సత్యాన్ని మరుగుపరిచి, తగ్గిన అంకెను చూపి ప్రజలను ఊరడించడం, పెరిగిన అంకెను లెక్కలోంచే తొలగించాలనడం ఒకే నాణేనికి రెండు ముఖాలు.

ఆహార ధరలు విధానాల అదుపులో లేవన్న రెండో భాగం మరింత నిజాయతీ లేనిది. మంత్రి ప్రకటనకు సరిగ్గా రెండు నెలల ముందు, సెప్టెంబరు 14 నుంచి అమల్లోకి వచ్చేలా, కేంద్ర ప్రభుత్వమే ముడి పామాయిల్, సోయా, పొద్దుతిరుగుడు నూనెల దిగుమతిపై ప్రాథమిక సుంకాన్ని సున్నా నుంచి 20 శాతానికి, శుద్ధిచేసిన నూనెలపై 12.5 శాతం నుంచి 32.5 శాతానికి పెంచింది. దేశం వాడుకునే వంటనూనెలో సగానికి పైగా విదేశాల నుంచే వస్తున్నప్పుడు ఆ భారం ఎవరి మూకుడులో పడుతుందో నిర్ణయం తీసుకున్నవారికి తెలియనిది కాదు. పాత సుంకంతో దిగుమతైన నూనె సుమారు 30 లక్షల టన్నులు ఉందని, అది 45 నుంచి 50 రోజుల వినియోగానికి సరిపోతుందని, ఆ నిల్వలు అయిపోయేవరకు గరిష్ఠ చిల్లర ధర పెంచవద్దని ఆహార మంత్రిత్వ శాఖ కంపెనీలకు సూచించింది. ఆ లెక్కన దసరా, దీపావళి పండుగలు రెండూ పాత ధరలతోనే గడవాలి. జరిగింది వేరు. సుంకం పెరిగిన వార్త వెలువడిన కొద్ది రోజులకే హైదరాబాద్ కిరాణా దుకాణాల్లో లీటరు పొద్దుతిరుగుడు నూనె ప్యాకెట్ ధర పదిహేను, ఇరవై రూపాయల మేర పెరిగిపోయింది. పాత నిల్వకే కొత్త ధర పలికింది. ధర ఎందుకు పెరిగిందో సంజాయిషీ ఇవ్వాలని మంత్రిత్వ శాఖ కంపెనీలను అడిగింది తప్ప, వసూలైన అదనపు సొమ్ములో ఒక్క రూపాయి కూడా కొనుగోలుదారుకు తిరిగి దక్కలేదు. ఇందులో వానల పాత్ర లేదు, రుతువుల ప్రమేయమూ లేదు. ఉన్నదల్లా ఒక ప్రభుత్వ ఉత్తర్వు, దాన్ని అందిపుచ్చుకున్న వ్యాపారం, చేతులు కట్టుకుని నిలబడిన పర్యవేక్షణ.

రైతు కోసమే సుంకం పెంచామన్న సమర్థన ఉంది. ఆయిల్‌పామ్ సాగుదారులకు గెలల ధర పెరిగిన మేరకు అది నిజం. అయితే మద్దతు ధర క్వింటాలుకు 4,892 రూపాయలుగా ఉన్న సోయా, సుంకం పెంచిన తర్వాత కూడా అనేక మార్కెట్లలో అంతకంటే తక్కువకే అమ్ముడుపోయింది. వినియోగదారు చెల్లించింది రైతుకు చేరలేదు, రైతుకు దక్కాల్సింది వినియోగదారుకూ మిగలలేదు. ఉల్లి విషయంలోనూ ఎగుమతులపై 2023 ఆగస్టులో 40 శాతం సుంకం విధించడం, డిసెంబరులో పూర్తిగా నిషేధించడం, 2024 మేలో నిషేధం ఎత్తివేయడం, సెప్టెంబరులో సుంకాన్ని సగానికి తగ్గించడం వంటి మలుపులన్నీ ఢిల్లీలో జరిగినవే. ప్యాక్ చేసి లేబుల్ అంటించిన బియ్యం, పప్పు, పిండి, పెరుగుపై 2022 జులై 18 నుంచి 5 శాతం జీఎస్టీ విధించిందీ ప్రభుత్వాలే. టమాటా, ఉల్లి, బంగాళాదుంపల ధరల ఒడుదొడుకులను అరికట్టడానికి 2018-19 బడ్జెట్‌లో 500 కోట్ల రూపాయలతో ఆపరేషన్ గ్రీన్స్ పథకాన్ని ప్రకటించినప్పుడు, ఈ ధరలు విధానాల పరిధిలోనివేనని కేంద్రమే అంగీకరించినట్లయింది. వినియోగదారు టమాటాకు చెల్లించే రూపాయిలో రైతుకు అందేది సుమారు 33 పైసలేనని రిజర్వు బ్యాంకు పరిశోధన పత్రం 2024 అక్టోబరులో తేల్చింది. మిగిలిన 67 పైసలు రవాణా, కమీషన్లు, తరుగు, వర్తకుల లాభాల రూపంలో ఎక్కడెక్కడ ఆగుతున్నాయో సరిచూసి సరిదిద్దాల్సింది పాలకులు కాకపోతే మరెవరు?

ఇక, ఆహారాన్ని తీసేస్తే మిగిలేదే అసలు ద్రవ్యోల్బణమన్న మూడో భాగం. ఆహారం, ఇంధనం మినహాయించి లెక్కించే దాన్ని కీలక ద్రవ్యోల్బణం అంటారు. వినియోగదారుల ధరల సూచీ అంటే సగటు కుటుంబం కొనే వస్తుసేవల ధరలను, వాటిపై పెట్టే ఖర్చు వాటాను బట్టి కూర్చిన కొలమానం. 2024 నాటి మన సూచీలో ఆహార, పానీయాల వాటా 45.86 శాతం, అమెరికా సూచీలో ఆహారం వాటా సుమారు 13, 14 శాతం. అలాంటి అమెరికాలోనూ కేంద్ర బ్యాంకు తన అధికారిక లక్ష్యాన్ని ఆహారంతో కలిపిన ద్రవ్యోల్బణానికే ముడిపెట్టుకుంది. యూరోపియన్ కేంద్ర బ్యాంకుదీ అదే పద్ధతి. సంపన్న దేశాలు లెక్కలో ఉంచుకున్న తిండిని, సంపాదనలో సగం తిండికే ఖర్చుపెట్టే కుటుంబాలు కోట్లలో ఉన్న దేశం లెక్కలోంచి తీసేయాలనడం ఏ ఆర్థిక శాస్త్రం?

హైదరాబాద్ వంటి ఖరీదైన నగరంలో ఈ ప్రతిపాదన మరింత క్రూరంగా పరిణమిస్తుంది. నెలకు 20 వేల రూపాయల ఆదాయంతో బోరబండలోనో, ఉప్పల్‌లోనో ఒక గది, వంటగది ఉన్న ఇంట్లో అద్దెకుండే నలుగురు సభ్యుల కుటుంబానికి నెల మొదటి వారంలోనే అద్దె, కరెంటు బిల్లు, పిల్లల స్కూలు ఫీజు, చిట్టీ వాయిదా, బండి పెట్రోలు పోగా మిగిలేదే తిండికి. ఇంటి యజమానితో బేరమాడే వీలుండదు, ఫీజు ఆపితే పిల్లలను తరగతిలో కూర్చోనివ్వరు, వాయిదా తప్పితే అపరాధ రుసుము పడుతుంది. కోత పెట్టడానికి వీలున్న ఒకే ఒక్క పద్దు వంటింటిది. కందిపప్పు కిలో 160 రూపాయలు దాటినప్పుడు ఆ కుటుంబం కిలో మానేసి పావుకిలో కొంటుంది, ముద్దపప్పు పలుచబడి పప్పుచారవుతుంది. వెల్లుల్లి కిలో 400 రూపాయల దరిదాపులకు చేరితే తాలింపులోంచి అది మాయమవుతుంది. లీటరు నూనె ప్యాకెట్ స్థానంలో అర లీటరుది వస్తుంది, పెరుగు మజ్జిగవుతుంది, గుడ్డు పిల్లలకు మాత్రమే మిగులుతుంది, తల్లి పళ్లెంలో కూర తగ్గుతుంది. ఇంత జరిగినా ఆ కుటుంబం తిండిపై చేసే ఖర్చు లెక్కల్లో పెరిగినట్లు కనిపించకపోవచ్చు, ఎందుకంటే పెరిగిన ధరను వారు డబ్బుతో కాక ఆకలితో చెల్లిస్తున్నారు. 2022-23 గృహ వినియోగ సర్వే ప్రకారం పట్టణ కుటుంబాల ఖర్చులో ఆహారం వాటా సుమారు 39 శాతానికి తగ్గడాన్ని అభివృద్ధికి సంకేతంగా చూపేవారు, మహానగరంలో తిండి వాటా తగ్గేది కడుపు నిండాకే కాదని, అద్దె ముందుగా వసూలైపోవడం వల్ల కూడానని గ్రహించాలి.

ఈ వాదనలో దాగిన వివక్షను కూడా ఎత్తిచూపక తప్పదు. ధరల పెరుగుదలకు పరిహారంగా ఉద్యోగులకు ఇచ్చే కరవు భత్యాన్ని పారిశ్రామిక కార్మికుల ధరల సూచీ ఆధారంగా లెక్కిస్తారు, అందులో ఆహారానికి సుమారు 39 శాతం వాటా ఉంది. ఆ లెక్క ప్రకారమే కేంద్ర మంత్రివర్గం 2024 అక్టోబరులో కేంద్ర ఉద్యోగుల కరవు భత్యాన్ని 3 శాతం పెంచి 53 శాతం చేసింది. అది న్యాయమైన నిర్ణయం. మరి భత్యమన్న మాటే ఎరుగని ఆటోడ్రైవరుకు, ఇళ్లలో పనిచేసే మహిళకు, అపార్ట్‌మెంట్ వాచ్‌మన్‌కు, భవన నిర్మాణ కూలీకి ధరల నుంచి ఉన్న రక్షణ ఏమిటి? ద్రవ్యోల్బణాన్ని 4 శాతం వద్ద, అటూ ఇటూ 2 శాతం హెచ్చుతగ్గులతో నిలిపి ఉంచాలని, వరుసగా మూడు త్రైమాసికాలు విఫలమైతే ప్రభుత్వానికి లిఖితపూర్వకంగా సంజాయిషీ ఇవ్వాలని రిజర్వు బ్యాంకును 2016 నుంచి చట్టం కట్టడి చేస్తోంది. ధరల విషయంలో అసంఘటిత కార్మికుడి పక్షాన ఉన్న ముఖ్యమైన చట్టబద్ధ హామీ అది. దానిలోంచి తిండిని తొలగిస్తే ఆ హామీ కాగితానికే పరిమితమవుతుంది. సామాన్యులు ద్రవ్యోల్బణాన్ని అర్థం చేసుకునేది ప్రధానంగా ఆహార ధరల ద్వారానేనని అప్పటి రిజర్వు బ్యాంకు గవర్నర్ శక్తికాంత దాస్ 2024 ఆగస్టు పరపతి విధాన సమీక్షలో చెప్పిన మాట ఇక్కడ గుర్తుంచుకోదగినది. పైగా తిండి ధర తిండితో ఆగదు. నూనె, పప్పు, ఉల్లి ప్రియమైతే టిఫిన్ సెంటరులో ఇడ్లీ ప్లేటు ధర, హాస్టల్ మెస్ చార్జీ, కూలి రేటు ఒకదాని వెంట ఒకటి పెరుగుతాయి. మినహాయించామనుకున్న ద్రవ్యోల్బణం ఆలస్యంగా కీలక ద్రవ్యోల్బణంలోనే తేలుతుంది.

పేదల కష్టాన్ని నగదు బదిలీలతోనో, కూపన్లతోనో తీర్చవచ్చన్న ఆర్థిక సర్వే సలహా కాగితంపై బాగానే ఉంటుంది. కొత్త రేషన్ కార్డు కోసం దరఖాస్తుదారులు ఏళ్ల తరబడి ఎదురుచూసిన నగరంలో, సొంత ఊరి చిరునామాతో అద్దె గదుల్లో బతికే వలస కూలీలున్న నగరంలో ఆ కూపన్లు ఎవరికి చేరతాయో ఊహించడం కష్టం కాదు.

కేంద్రం చేయాల్సిన పనులు స్పష్టమే. ద్రవ్యోల్బణ లక్ష్యంలో ఆహారం కొనసాగుతుందని ప్రభుత్వం అధికారికంగా ప్రకటించాలి. సుంకాలు మార్చే ప్రతిసారీ చిల్లర ధరపై పడే భారం ఎంతో, రైతుకు అందే లాభం ఎంతో ముందుగా వెల్లడించాలి. పాత నిల్వలకు పాత ధరే వర్తించాలన్న నిబంధనకు సూచన స్థాయి దాటించి చట్టబలం కల్పించాలి, ఉల్లంఘించి వసూలు చేసిన సొమ్మును రాబట్టాలి. రాష్ట్ర ప్రభుత్వానికీ బాధ్యత ఉంది. 2024 అక్టోబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం వ్యాపారులతో మాట్లాడి పామాయిల్‌ను లీటరు 110 రూపాయలకు, పొద్దుతిరుగుడు నూనెను 124 రూపాయలకు కార్డుదారులకు అమ్మించగలిగినప్పుడు తెలంగాణకు అది అసాధ్యమేమీ కాదు. 2013లో ఉమ్మడి రాష్ట్రంలో 185 రూపాయలకు కందిపప్పు, పామాయిల్, చింతపండు సహా తొమ్మిది సరుకులు ఇచ్చిన అనుభవం ఇక్కడి పౌరసరఫరాల శాఖకు ఉంది. రేషన్ దుకాణం బియ్యం ఒక్కటే ఇచ్చి తలుపులు మూసుకుంటే చాలదు. పప్పు, నూనె మళ్లీ అక్కడికి రావాలి. 1999లో మొదలైన రైతుబజార్లు ఎర్రగడ్డ, మెహిదీపట్నం, సరూర్‌నగర్ వంటి పాత ప్రాంతాలకే పరిమితం కాకుండా, ఔటర్ రింగ్‌రోడ్డు దాకా విస్తరించిన నగరంలో కొత్త కాలనీలన్నిటికీ చేరువ కావాలి.

ధరలను తగ్గించలేకపోతే ఆ వైఫల్యాన్ని ప్రజల ముందు ఒప్పుకోవడం ప్రజాస్వామ్యంలో ప్రభుత్వాల కనీస ధర్మం. వైఫల్యాన్ని చూపే అంకెనే తుడిచిపెట్టాలనుకోవడం ఆర్థిక సంస్కరణ అనిపించుకోదు, అది జవాబుదారీతనం నుంచి పారిపోవడం. రిజర్వు బ్యాంకు ఈ ఒత్తిడికి లొంగకూడదు, పార్లమెంటు దీన్ని ఆమోదించకూడదు.