ఎండను నమ్మి నీటిపైకి వెళ్తే ముప్పే
విదేశాల్లో జెట్‌స్కీ సరదా... నీటి ఉష్ణోగ్రత తెలియక ప్రాణాపాయం

గుంటూరు: ఉన్నత చదువులకు, ఉద్యోగాలకు జిల్లా నుంచి అమెరికా వెళ్లిన యువత మే నెల రాగానే సరస్సుల బాట పడుతుంది. అప్పటికి సెమిస్టరు పరీక్షలు ముగుస్తాయి. నెలల తరబడి వదలని చలికోట్లు మూలకు చేరతాయి. నీటిపై మోటారు సైకిల్‌లా దూసుకుపోయే జెట్‌స్కీలు గంటల లెక్కన అద్దెకు దొరుకుతాయి. ఎండ కాస్తోందన్న ధీమాతో వాటిని ఎక్కేవారే గాని, నీటి ఉష్ణోగ్రత ఎంతని అడిగేవారు అరుదు. పడిపోయినవారి ప్రాణం నిలిచేదీ లేనిదీ చాలావరకు ఆ అంకెపైనే ఆధారపడి ఉంటుంది.

చల్లని నీరు చేసే హాని జిల్లాకు తెలియనిది కాదు. 2022 డిసెంబరు 26న అమెరికాలోని అరిజోనా రాష్ట్రంలో గడ్డకట్టిన ఉడ్స్ కాన్యన్ సరస్సుపై మంచు పగిలి ముగ్గురు ప్రవాసాంధ్రులు నీటిలో పడి మృతి చెందారు. వారిలో ఇద్దరు గుంటూరు జిల్లాకు చెందిన దంపతులు. అరిజోనా అనగానే ఎడారి గుర్తుకు వస్తుంది. ఆ సరస్సు మాత్రం సముద్ర మట్టానికి ఏడు వేల అడుగులకు పైగా ఎత్తున ఉంది. ఊరి పేరును బట్టి గాని, ఎండను బట్టి గాని నీటి స్వభావాన్ని అంచనా వేయరాదనడానికి ఆ దుర్ఘటనే నిదర్శనం.

మనకు లేని అనుభవం

కృష్ణా కాలువల్లో ఈత నేర్చినవారికి, సూర్యలంక తీరంలో మునకలు వేసినవారికి చన్నీళ్లంటే వణుకు పుట్టించేవే తప్ప ప్రాణం తీసేవి కావు. కోస్తా తీరంలో బంగాళాఖాతం ఉపరితల జలాలు ఏడాది పొడవునా ఇంచుమించు 25 నుంచి 30 డిగ్రీల సెల్సియస్ మధ్యే ఉంటాయి. ఇక్కడ జెట్‌స్కీకి అనుకూలమైన రోజంటే అల్పపీడనం, అలల ఉధృతి లేని రోజని అర్థం.

అమెరికా ఉత్తరాది సరస్సుల లెక్క వేరు. మే నెలాఖరున షికాగోలో పగటి ఉష్ణోగ్రత 25 డిగ్రీలు దాటిన రోజున కూడా, ఆ నగరాన్ని ఆనుకుని ఉన్న మిషిగన్ సరస్సులో నీరు 10 డిగ్రీల చుట్టుపక్కలే ఉంటుంది. జులై, ఆగస్టు నెలలు వస్తే గాని అది 20 డిగ్రీలను అందుకోదు. తెలుగువారు అధికంగా నివసించే కాలిఫోర్నియాలో, శాన్‌ఫ్రాన్సిస్కో తీరాన పసిఫిక్ జలాలు ఏడాదిలో అత్యధిక కాలం 10 నుంచి 15 డిగ్రీల మధ్య ఉంటాయి.

నీరు వేడెక్కాలంటే గాలి కన్నా ఎన్నో రెట్లు అధికంగా ఉష్ణం కావాలి. శీతకాలమంతా చల్లబడిన లోతైన సరస్సు నాలుగు రోజుల ఎండకు మారదు. పైగా గాలి దిశ మారితే పైనున్న వెచ్చని నీరు నడిసరస్సు వైపు కొట్టుకుపోయి, అడుగున ఉన్న చల్లని నీరు ఒడ్డున పైకి వస్తుంది. మిషిగన్ సరస్సులో నడివేసవిలో సైతం ఒక్క రాత్రిలో నీటి ఉష్ణోగ్రత గణనీయంగా పడిపోవడం ఉంది. నిన్న హాయిగా ఉన్న నీరు నేడు కూడా అలాగే ఉంటుందన్న హామీ లేదు.

నిమిషం... పది నిమిషాలు... గంట

చల్లని నీటిలో పడినవారు గడ్డకట్టుకుపోయి మరణిస్తారన్నది సాధారణ అభిప్రాయం. వాస్తవానికి మృత్యువు అంతకన్నా ముందే రావచ్చు. కెనడాలోని మానిటోబా విశ్వవిద్యాలయ ఆచార్యుడు గోర్డన్ గీస్‌బ్రెక్ట్ ఈ క్రమాన్ని ‘ఒకటి-పది-ఒకటి’ అనే సూత్రంగా ప్రచారంలోకి తెచ్చారు. గడ్డకట్టే స్థితికి చేరువైన నీటిలో పడినవారికి మొదటి నిమిషం ఊపిరిని అదుపులోకి తెచ్చుకోవడానికే సరిపోతుంది. తరువాతి పది నిమిషాలు మాత్రమే చేతులు, కాళ్లు చెప్పినట్లు వింటాయి. శరీరం చల్లబడి స్పృహ కోల్పోవడానికి గంట వరకు పడుతుంది.

మొదటి నిమిషమే అన్నిటికన్నా ప్రమాదకరం. చల్లని నీరు చర్మానికి తగలగానే మనిషి ప్రమేయం లేకుండానే గట్టిగా ఊపిరి లోపలికి పీలుస్తాడు. ఆ క్షణంలో తల నీటిలో ఉంటే పీల్చేది నీటినే. రక్తపోటు, గుండె వేగం ఒక్కసారిగా పెరుగుతాయి. గజ ఈతగాడైనా ఈ ప్రతిచర్యను ఆపలేడు. లైఫ్ జాకెట్ ఉంటేనే ఆ నిమిషం పాటు తల నీటిపైన నిలుస్తుంది. 2023లో అమెరికాలో విహార పడవల ప్రమాదాల్లో 564 మంది మరణించారు. కారణం తెలిసిన మరణాల్లో 75 శాతం నీట మునిగి సంభవించినవే. అలా మునిగినవారిలో 87 శాతం మంది లైఫ్ జాకెట్ ధరించలేదని ఆ దేశ కోస్ట్ గార్డు నివేదిక వెల్లడించింది.

ఎన్ని డిగ్రీలుంటే వెళ్లవచ్చు?

అమెరికా పడవ ప్రియుల్లో ఒక లెక్క ప్రచారంలో ఉంది. గాలి, నీటి ఉష్ణోగ్రతలను ఫారన్‌హీట్‌లో కూడితే 120 దాటాలన్నది దాని సారాంశం. ఈ లెక్కను నమ్మడానికి లేదు. గాలి 80, నీరు 50 అయితే మొత్తం 130 వస్తుంది. లెక్క ప్రకారం క్షేమమే. 50 ఫారన్‌హీట్ అంటే 10 సెల్సియస్. ఆ నీటిలో పడినవారికి గాలి వెచ్చదనం అక్కరకు రాదు.

అమెరికాలో చల్లని నీటి భద్రతపై పనిచేసే సంస్థలు 70 ఫారన్‌హీట్, అనగా 21 సెల్సియస్ కన్నా తక్కువ ఉన్న నీటిని జాగ్రత్తగా చూడాలంటున్నాయి. బ్రిటన్‌లో 15 సెల్సియస్ దిగువన ఉన్న నీటిని చల్లని నీటిగా పరిగణిస్తారు. వీటిని బట్టి కొత్తగా వెళ్లినవారు గుర్తుంచుకోదగిన నియమం సులువైనదే. 21 దాటితే లైఫ్ జాకెట్‌తో వెళ్లవచ్చు. 15 నుంచి 21 వరకు ఉంటే దానికి తోడు శరీర వేడిని కాపాడే వెట్‌సూట్ ఉండాలి. 15 కన్నా తగ్గితే అనుభవం లేనివారు విరమించుకోవడమే మేలు.

జెట్‌స్కీ విషయంలో ఈ జాగ్రత్త మరింత అవసరం. పడవలో కూర్చున్నవారు తడవకుండా తిరిగి రావచ్చు. జెట్‌స్కీ నడిపేవారు నీటిలో పడటం మామూలే. పడినవారు వెనుక భాగం నుంచి సొంత బలంతో తిరిగి ఎక్కాలి. వేళ్లు మొద్దుబారితే పట్టు చిక్కదు. అందుకే బట్టలు ఎండకు కాక, నీటికి తగినవై ఉండాలి. ఇంజిన్‌ను ఆపే తాడును చేతికో జాకెట్‌కో తగిలించుకోకపోతే, మనిషి పడిన తరువాత కూడా వాహనం దూరంగా సాగిపోయే ప్రమాదం ఉంది.

నీరు వెచ్చనైతే భయం లేదనుకోవడమూ పొరపాటే. 2024 మార్చిలో ఫ్లోరిడాలోని కీ వెస్ట్ సమీపంలో రెండు జెట్‌స్కీలు ఢీకొని తెలంగాణకు చెందిన విద్యార్థి మరణించాడు. అక్కడి ప్రమాదానికి చలితో సంబంధం లేదు. చాలా జెట్‌స్కీలు వేగం మీట వదిలేస్తే మలుపు తిరగవు. ఎదురుగా వాహనం వచ్చినపుడు కంగారుగా మీట వదిలినవారు నేరుగా దానివైపే వెళ్తారు. ఈ సంగతి అద్దెకు తీసుకునే ముందే తెలుసుకోవాలి.

తల్లిదండ్రులు అడగాల్సింది

విదేశాలకు పంపేటపుడు ఇళ్లలో వీసా, బ్యాంకు రుణం, చలికోటు, పచ్చళ్ల గురించి నెలల తరబడి చర్చ సాగుతుంది. అక్కడి నీటి గురించిన మాట రావడం తక్కువ. నీటి ఉష్ణోగ్రత తెలుసుకోవడానికి ఖర్చు కూడా లేదు. అమెరికా వాతావరణ సంస్థ నోవా సముద్రాల్లో, పెద్ద సరస్సుల్లో తేలియాడే పరికరాల కొలతలను ఇంటర్నెట్‌లో ఉచితంగా ఉంచుతోంది. చిన్న సరస్సులైతే ఒడ్డున వాహనాలు అద్దెకిచ్చేవారిని అడిగినా సరిపోతుంది. అక్కడ అంకెలు ఫారన్‌హీట్‌లో ఉంటాయి. 60 అన్నది మన లెక్కలో 16 డిగ్రీల లోపేనని గ్రహించాలి.

వారాంతంలో ఫోను చేసిన బిడ్డ స్నేహితులతో సరస్సుకు వెళ్తున్నానంటే, ఇక్కడి తల్లిదండ్రులు రెండు ప్రశ్నలు వేస్తే చాలు. నీరు ఎన్ని డిగ్రీలు ఉంది? లైఫ్ జాకెట్ వేసుకుంటున్నావా? మొదటి ప్రశ్నకు సమాధానం తెలియదంటే, తెలుసుకునే వరకు ఒడ్డునే ఉండమని చెప్పాలి.