చీటీ యాప్ జేబులోనే!

అష్టాచెమ్మా మధ్యలో లేవాల్సి వస్తే ఏం చేస్తాం? ఏ కాయ ఏ గడిలో ఉందో చీటీ మీద రాసుకుని వెళ్తాం. మీ ఆండ్రాయిడ్ ఫోన్‌లోని లినక్స్ కెర్నెల్ కూడా అచ్చం ఇదే చేస్తుంది.

నడుస్తున్న యాప్‌కి ఒక్కోసారి 'సిగ్నల్' వస్తుంది. టవర్ సిగ్నల్ కాదండోయ్! 'చేస్తున్నది ఆపు, ముందు ఇది చూడు' అని కెర్నెల్ అందించే కబురు. దాన్ని చూసుకునే కోడ్ పేరు హ్యాండ్లర్. చిక్కేంటంటే, హ్యాండ్లర్ కూడా అవే రిజిస్టర్లు వాడుకుంటుంది. రిజిస్టర్లంటే లెక్క చేసేటప్పుడు ప్రాసెసర్ అంకెలు పెట్టుకునే గళ్లు. 64 బిట్ల ఆర్మ్ ప్రాసెసర్లో మామూలు లెక్కలకి 31 ఉంటాయి. దశాంశాలు, వీడియోల్లాంటి వాటికి ఒక్కోటి 128 బిట్ల వెడల్పుతో మరో 32. వాటిలో ఒక్కటి చెరిగినా ఆగిన లెక్క తప్పుతుంది.

అందుకే కెర్నెల్ వీటన్నిటినీ, కోడ్ ఎక్కడ ఆగిందో ఆ చిరునామానీ ముందే రాసిపెడుతుంది. హ్యాండ్లర్ పని అవగానే 'సిగ్‌రిటర్న్' అనే సిస్టమ్ కాల్ వెళ్తుంది. కెర్నెల్ చీటీ చూసి అన్నీ ఎక్కడివక్కడ పెట్టేస్తుంది. ఆగిన కోడ్‌కి ఆగినట్టే తెలీదు!

నాకు భలే అనిపించేది ఇక్కడే. ఆ చీటీ కెర్నెల్ దగ్గర ఉండదు, యాప్ సొంత స్టాక్ మీదే ఉంటుంది. అంటే యాప్ దాన్ని దిద్దొచ్చు. ఆండ్రాయిడ్ రన్‌టైమ్ చేసేది అదే. జావా కోడ్ పొరపాటున నల్‌ని ముట్టుకుంటే సిగ్నల్ వస్తుంది. రన్‌టైమ్ చీటీలో చిరునామా మార్చి, 'నల్ పాయింటర్ ఎక్సెప్షన్' వైపు దారి మళ్లిస్తుంది.

మరి దొంగ దిద్దితే? ఆ సంగతి నెదర్లాండ్స్ పరిశోధకులు ఎరిక్ బోస్మన్, హెర్బర్ట్ బోస్ 2014లో చూపించారు. స్టాక్ మీద దొంగ చీటీ పెట్టి సిగ్‌రిటర్న్ పిలిస్తే చాలు, అసలు సిగ్నలే రాకపోయినా రిజిస్టర్లన్నీ దొంగ రాసిన విలువలతో నిండిపోతాయి. చీటీ అడ్డుపెట్టుకుని కెర్నెల్ అధికారాలు కొట్టేయకుండా కొన్ని గళ్లని అది సరిచూస్తుంది. కానీ 'ఇది నేను రాసిన చీటీయేనా?' అని మాత్రం మామూలుగా అడగదు.

అయితే దొంగ చీటీ పెట్టాలంటే ముందు యాప్‌లో ఏదో ఒక మెమరీ లోపం దొరకాలి. సెక్యూరిటీ అప్‌డేట్లు పూడ్చేది అలాంటి కన్నాలనే. ఈసారి అప్‌డేట్ అడిగినప్పుడు 'తర్వాత చూద్దాం' అని నొక్కకండి. చీటీ యాప్ జేబులోనే ఉంది మరి!