బొజ్జయు ఊపిరియు

పెండ్లిముహూర్తముల దినములలో హైదరాబాదు చంపాపేట్ చౌరస్తా నుండి కర్మన్‌ఘాట్ దిక్కుగా సాగుచు, ఏదేనొక ఫంక్షన్ హాలులో అడుగిడిన నడివయస్కునకు తప్పక వినబడు పలకరింపొకటి కలదు: "ఏందన్నా, జర ఒళ్లు చేసినవ్!" విన్నవాడు నొచ్చుకొనడు సరికదా, మురిసిపోవును, నలువది దాటిన మగవానికి బొజ్జ కలిమికి గుర్తని మనవారి నమ్మకము. ఆ కలిమిని మోయుచు ఎల్.బి.నగర్ మెట్రో మెట్లెక్కి, పైకి చేరునప్పటికి రొప్పుచు, ఆ నేరమును అతడు వయస్సు మీదను, సాగర్ రోడ్డు దుమ్ము మీదను మోపును. దుమ్ము నిర్దోషి యని నేననను. గాని ఆరోపణకు చిక్కక తప్పించుకొను మఱియొక ముద్దాయిని అతడు బెల్టునకు పైననే మోయుచున్నాడు.

శ్వాసక్రియలో ప్రధానభారము వహించునది ఛాతీకిని ఉదరమునకును నడుమ గుమ్మటమువలె అమరియున్న కండరపు పొర. దానినే వైద్యులు డయాఫ్రమ్ అందురు. గాలి పీల్చునపుడు అది క్రిందికి దిగవలెను. ప్రేవుల చుట్టును క్రొవ్వు పేరుకొన్నచో దిగుటకు చోటు చాలదు. ఊపిరి విడిచిన పిదప తిత్తులలో నిలిచియుండవలసిన గాలి తగ్గును. అడుగుభాగమున నున్న సన్నని నాళములు వేళకు ముందే మూతపడును. పరుండినపుడు ఈ యిబ్బంది హెచ్చును. బూటు లేసు కట్టుకొనుటకు వంగి, ఊపిరి బిగబట్టి, ముడివేసి లేచి "హమ్మయ్య" యనువారిని మనమందఱము ఎఱుగుదుము.

అంతియ కాదు. క్రొవ్వు ఊరకే పడియుండు సరకు కాదు. వాపును ప్రేరేపించు రసాయనములను అది నెత్తురులోనికి విడుచుచుండును. మృతులైన 52 మంది ఊపిరితిత్తులను పరీక్షించి, శ్వాసనాళముల గోడలలోనే క్రొవ్వు చేరుననియు, శరీరభారముతో పాటు అది హెచ్చుననియు ఆస్ట్రేలియాలోని పెర్త్ నగర పరిశోధకులు 2019లో ప్రకటించిరి. మఱుసటి యేట వెలువడిన ఐరోపా పరిశోధన, 20 నుండి 44 ఏండ్ల వయస్సులో చేరిన 3,673 మందిని ఇరువదేండ్లపాటు గమనించి, బరువు పెరిగినవారి ఊపిరిబలము త్వరితగతిని క్షీణించినదనియు, స్థూలకాయులై యుండి బరువు తగ్గించుకొన్నవారిలో ఆ క్షీణత మందగించినదనియు తేల్చినది. పోయినది పోగా, మిగిలినదానిని నిలుపుకొనవచ్చునన్న ఈ రెండవమాటయే నాకు ముఖ్యముగ తోచుచున్నది.

అయితే బరువు తూచు యంత్రము మనవారిని నమ్మించి మోసగించును. పుణె వైద్యుడు చిత్తరంజన్ యాజ్ఞిక్, లండను వైద్యుడు జాన్ యుడ్కిన్ ప్రక్కప్రక్కన నిలిచిన ఛాయాచిత్రమొకటి 2004లో లాన్సెట్ పత్రికలో వెలువడినది. ఎత్తునుబట్టి లెక్కించు భారసూచిక ఇరువురకును 22.3 మాత్రమే; క్రొవ్వు మాత్రము యుడ్కిన్ దేహమున 9.1 శాతము, యాజ్ఞిక్ దేహమున 21.2 శాతము. 2023లో ప్రకటితమైన భారత వైద్య పరిశోధనామండలి సర్వేలో సామాన్యస్థూలత 28.6 శాతము కాగా, ఉదరస్థూలత 39.5 శాతము. బక్కచేతులు, సన్నని కాళ్లు, నడుమ బొజ్జ: ఇది మన వీధివీధినను కనబడు ఆకృతియే. మగవారికి 90, ఆడువారికి 80 సెంటీమీటర్లు దాటిన నడుము ప్రమాదమని మన వైద్యులు నిర్ణయించిరి. "నాది ముప్పైనాలుగు సైజే" యనువారు పాంటును బొజ్జ క్రిందికి దించి కట్టుదురు. ఆ లెక్క దర్జీకి చెల్లును గాని డాక్టరుకు చెల్లదు.

2018లో నగరమున ఆరంభమైన బస్తీ దవాఖానలకు బి.పి., షుగరు చూపించుకొనుటకు జనులు వచ్చుచున్నారు. ముప్పదియైదేండ్లు దాటిన ప్రతివారికిని నడుము కొలిచి చీటిపై వ్రాయుట అచ్చట విధిగా జరుగవలెనని నా అభిప్రాయము. కొలటేపు వెల కొలదిరూపాయలే. కొలత మించి, ఆయాసమును గలవారిని ఊపిరిబలము తెలుపు స్పైరోమెట్రీ పరీక్షకు పెద్దాసుపత్రికి పంపవలెను. అన్ని ఆయాసములును బొజ్జవలననే కలుగవు గనుక గుండెను, రక్తహీనతను, క్షయను విచారింపకుండుటయు తగదు. వంటపని ముగించుకొని పార్కునకు రాజాలని ఆడువారికి ఈ కొలత మఱింత అవసరము. ఇక మగవారి సంగతి: ఉదయమున పార్కు చుట్టి, వెలుపలి బండి వద్ద పూరీ ప్లేటుతో ఆ నడకను రద్దు చేసికొనువారిని ఏ సర్కారును బాగుచేయజాలదు.

కొలుచు పద్ధతిని మాత్రము గోడమీద పెద్ద యక్షరములతో వ్రాయించవలెను: చివరి ప్రక్కటెముకకును తుంటియెముకకును నడిమిభాగమున, ఊపిరి మామూలుగ విడిచిన పిదప, పొట్టను లోపలికి లాగక.