చేయి

"చేయి" యను మాటకు అర్థము చెప్పుమన్నచో ఏ బాలుడైనను హస్తము, కరము అని తడుముకొనక అప్పగించును. అంతటితో ఆ మాట వచ్చినట్లే యని పెద్దలును తృప్తి పడుచున్నారు. పర్యాయపదము తెలిసినంత మాత్రమున మాట తెలిసినట్లు కాదు.

ఒకడు మరియొకనిపై చేయి చేసికొనెనన్న, కొట్టెనని అర్థము. చేయి యనగానేమో, చేసికొనుట యనగానేమో విడివిడిగా ఎరిగినవానికిని ఈ దెబ్బ ఎక్కడినుండి వచ్చినదో బోధపడదు. చేతికి ఎముక లేనివాడు రోగి కాడు, దాత. చేయి తిరిగినవాడు పనిలో ఆరితేరినవాడు. చేయి తడిపినవాడు లంచమిచ్చినవాడు. ఆ తడికిని నీటికిని సంబంధము లేదు. కుడిచేతివాటము, ఎడమచేతివాటము అన్నప్పుడు ఏ దోషమును లేని వాటమే, వట్టి "చేతివాటము" అనగానే దొంగతనమగుచున్నది! హస్తము తిరిగినవాడనియో, కరము తడిపెననియో అన్నచో విన్నవారు నవ్వరా?

చేబదులను మాట ఇంకను ముచ్చటైనది. పత్రము లేక, సాక్షి లేక, వడ్డి లేక ఒక చేతినుండి మరియొక చేతికి పోవు సొమ్మది. అందు అప్పుకంటె నమ్మకము పాలే ఎక్కువ. చేవ్రాలు అను చక్కని మాటను మాత్రము సంతకము దాదాపుగా త్రోసివేసినది.

తృతీయావిభక్తిని చేతన్, చేన్, తోడన్, తోన్ అని విద్యార్థులు వల్లించుచుందురు. ఆ "చేత" ఈ చేయియే యని భాషావేత్తలు చెప్పుదురు. చేతనగును, చేతకాదు అను మాటలును ఇట్టివే. తెలుగువారు మనిషి సామర్థ్యమును కొలుచుటకు చేతినే కొలబద్దగా పెట్టుకొనిరన్నమాట. అట్టి భాష మాటలాడువారే చేతిపనిని చిన్నచూపు చూచుట ఎంత వింత!

మరమగ్గము లేని కాలమున "నేత" అన్న చాలియుండును గాబోలు. మర వచ్చిన పిమ్మటనే దానిముందు "చే" నిలుపవలసిన అవసరము హెచ్చినది. 1905 ఆగస్టు 7న కలకత్తాలో మొదలైన స్వదేశీ ఉద్యమమునకు గుర్తుగా, 2015 నుండి ఆ దినమున జాతీయ చేనేత దినోత్సవము జరుపుచున్నారు. పాఠశాలలలో ఆనాడు ఉపన్యాసములు వినిపించుటకంటె, పోచంపల్లిలోనో వెంకటగిరిలోనో మగ్గము ముందు పిల్లలను ఒక పూట కూర్చుండబెట్టుట మేలు. పోగు తెగినప్పుడు ముడివేయు ఆ వ్రేళ్ళను చూచినవానికి "చేయి తిరుగుట" యన నేమో ఎవరును వివరింప బనిలేదు.